పనికి పీల్చిన పొగ

ఆస్పత్రికి కలిసి వెళ్లిన మొగుడూ పెళ్లాలు తిరుగుదారిలో ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. కువైట్‌లోని రుమైథియా పేటకు కారులో తిరిగి వస్తున్నారు. ముందు సీట్లో నరసింహులు, వెనక సీట్లో రెడ్డెమ్మ. ఇద్దరిదీ రాయచోటి పక్క పల్లె. ఇద్దరికీ ఒకే ఇంట్లో పని. అతను ఆ ఇంటి డ్రైవరు. ఆమె వంటా ఇల్లూ చూసుకుంటుంది. ఇప్పుడు ఆమెకు ఆరో నెల.

కడుపులో బిడ్డ నెలలకు తగినట్టు ఎదగలేదని డాక్టరమ్మ చెప్పింది. చెప్పి, చేతిలో పట్టేంత మిషన్ ఒకటి తెచ్చి ఊదమంది. రెడ్డెమ్మ ఊదింది. ఎర్ర దీపం వెలిగింది. ఈమె పొగ తాగే మనిషి అని తేల్చేసింది డాక్టరమ్మ. రెడ్డెమ్మ వీరభద్రస్వామి మీద ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టును మిషన్ నమ్మలేదు. నరసింహులు కూడా నమ్మలేదు.

వాళ్లకు ఇది రెండో కాన్పు. మొదటిది రాయచోటిలో నెలలు నిండకముందే అయింది. ఆ ఆడబిడ్డ గాజు పెట్టెలో కొన్నాళ్లు ఊపిరి కోసం కొట్టుకుని, తల్లి చనుబాల రుచి తెలియకుండానే పోయింది. అందుకే ఇంటి ముందు కారు ఆపిన తర్వాత కూడా నరసింహులు దిగలేదు. ఎదురుగా ఉన్న చిన్న అద్దంలోంచి పెళ్లాన్ని చూస్తూ అడిగాడు.

"యాడ తాగుతాండావు?"

"ఏంది తాగేది?"

"మిషన్ చెప్పింది కదా."

"మిషన్ చెప్పిందని నన్ను అడుగుతాండావా? నీకు పెండ్లయింది నాతోనా, మిషన్‌తోనా?"

"నవ్వులాట కాదు రెడ్డెమ్మా. ఆ నర్సు నాకు హిందీలో ఇడమరిచి చెప్పింది. తల్లి పొగ పీలిస్తే లోపల బిడ్డకు గాలి సరింగా అందదంట. చిన్నగా పుడతాదంట. నెలలు నిండకనే వచ్చేస్తాదంట. పుట్టినాక గూడా ఊపిరికి తిప్పలేనంట."

"నాకూ చెవులుండాయి. నేనూ విన్నా."

"మరి?"

"మరేంది? బీడీ ముట్టలా, సిగరెట్ ముట్టలా. మీ నాయన చుట్ట తాగుతాంటే ఆ వాసనకే కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. నమ్మకం లేకుంటే నా సంచి ఎతుక్కో."

వెతకడులే అనుకుని అన్నది. నరసింహులు వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు. సంచి తీసుకున్నాడు. దువ్వెన తీశాడు, చేతిగుడ్డ తీశాడు, తలనొప్పి మందు డబ్బాలు తీశాడు. అగ్గిపెట్టె దొరకలేదు. అన్నీ లోపల పెట్టి సంచి తిరిగి ఇచ్చాడు. అతని ముఖం ఇంకా చిన్నబోయే ఉంది.

"దొరికిందా?" అన్నది రెడ్డెమ్మ. తలుపు తీసుకుని దిగి, తలుపు గట్టిగా వేసింది.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే మామా లోపలి నుంచి కేక వేసింది. షీషా కావాలి, అంటే హుక్కా. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. కువైట్‌లో పనిచేసే మన ఆడవాళ్లంతా యజమానురాలిని అలాగే పిలుస్తారు. ఈ మామా చెడ్డది కాదు. రెడ్డెమ్మకు కడుపు అని తెలిసినప్పుడు వెంటనే ఇంటికి పంపించేయకుండా, ఏడో నెల దాకా ఉండి పొమ్మంది. కారు ఇచ్చి ఆస్పత్రికి పంపింది. తనకు మాత్రం సాయంత్రం షీషా పడాలి. రాత్రి భోజనాలయ్యాక ఇంకోటి పడాలి. గురువారం స్నేహితురాళ్లు వస్తే ఒకటి ఆరిపోకముందే ఇంకోటి సిద్ధం కావాలి.

పెరట్లో బొగ్గుల పొయ్యి ఉంది. రెడ్డెమ్మ బొగ్గులు ఎర్రగా కాల్చింది. గాజు బుడ్డిలో నీళ్లు పోసింది. మట్టి చిప్పలో ఆపిల్ వాసన వచ్చే తడి పొగాకు పెట్టి, పైన వెండి కాగితం కప్పి, సూదితో పొడిచింది. దాని మీద బొగ్గులు పేర్చింది. అక్కడితో షీషా సిద్ధమైనట్టు కాదు. మొదటి దమ్ములు ఉత్త వేడిగాలి. గొంతు మంట. పొగ చిక్కబడి, తీపి వాసన వచ్చేదాకా ఎవరో ఒకరు లాగాలి. ఆ తర్వాతే గొట్టం తుడిచి మామా చేతికి ఇవ్వాలి. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మామాయే దగ్గర కూర్చుని నేర్పింది. రెడ్డెమ్మ పొలమారి కళ్లనీళ్లు పెట్టుకుంటే మామా పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఇళ్లలో రెడ్డెమ్మ రాజేసినట్టు ఇంకెవరూ రాజేయలేరని మామా స్నేహితురాళ్ల దగ్గర గొప్పగా చెప్పుకుంటుంది.

రెడ్డెమ్మ చిన్న పీట మీద కూర్చుంది. గొట్టం నోట్లో పెట్టుకుని లాగింది. బుడ్డిలో నీళ్లు గుడగుడమన్నాయి. పొద్దున్నుంచి కణతల దగ్గర పట్టుకుని ఉన్న నొప్పి ఒక్కొక్క దమ్ముకూ వదులుతూ వచ్చింది. భుజాలు దిగాయి. కళ్లు వాటంతట అవే మూసుకున్నాయి. పొగ చిక్కబడింది. తీపి వాసన కూడా వచ్చింది. అయినా ఇంకో దమ్ము లాగింది.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా నరసింహులు. చేతిలో కారు తుడిచే గుడ్డ ఉంది. గుడ్డ లోంచి నీళ్లు కారుతున్నాయి. అతను పిండటం మరచిపోయి నిలబడ్డాడు.

"ఇదే కదమ్మే" అన్నాడు మెల్లగా.

"ఏంది ఇదే?"

"ఇంతసేపు లాగింది ఏంది మరి?"

"ఇది పని కదయ్యా" అన్నది రెడ్డెమ్మ. నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆయమ్మకు రాజేసి ఇస్తాండా. కూరలో ఉప్పు చూసినట్ల. ఉప్పు చూసినోళ్లు అన్నం తిన్నట్లా?"

"కండ్లు మూసుకుని చూస్తాండావే ఉప్పు."

రెడ్డెమ్మ తన చేతిలోని గొట్టం వైపు చూసుకుంది. డాక్టరమ్మ ఏమేం అడిగిందో గుర్తు తెచ్చుకుంది. సిగరెట్టా అంది, లేదన్నది. షీషానా అంది, దానికీ లేదన్నది. ఒక్కదానికీ అబద్ధం చెప్పలేదు. షీషా తాగేది మామా. తను పని చేస్తోంది. పనిని ఎవరైనా తాగడం అంటారా? ఇంట్లో ఎవరూ అనలేదు. తను కూడా అనుకోలేదు. మరి మామా ఊరికి పోయిన వారమంతా తల ఎందుకు పగిలిపోయింది? అప్పుడు సంచిలోకి ఒక మందు డబ్బా చాలక ఇంకో డబ్బా ఎందుకు కొనుక్కుంది?

నరసింహులు ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"రెడ్డెమ్మా, ముందు కాన్పుకు ఊరికి పోకముందు గూడా నువ్వు ఈడ ఈ పనే..."

"దాని మాట ఎత్తొద్దు."

"అది కాదు..."

"ఎత్తొద్దన్నానా! ఆ బిడ్డ ఎందుకు పోయిందో డాక్టర్లే చెప్పలా. నువ్వు చెప్తావా? ఆ పొద్దు మీ అమ్మ నా కాళ్లు మంచివి కావనింది. ఈ పొద్దు నువ్వు నా నోరు మంచిది కాదంటావు. ఎవురికి దొరికింది వాళ్లు నా నెత్తిన పెట్టండి. మోస్తా. పోయిందాని లెక్క నేను ఎవురికీ చెప్పను." ఆమె గొట్టాన్ని షీషాకు చుట్టేసి లేచింది. "ఇప్పుడు ఉండేదాని లెక్క మాత్రం నాదే. అది లోపల తంతాండాది. ఆ నర్సు ఏం చెప్పింది? ఎప్పుడు ఆపితే అప్పటినుంచే లోపలి దానికి మంచిదంట కదా."

"చెప్పింది. ఆలస్యమైందని ఊరికే ఉండొద్దని గూడా చెప్పింది."

"అయితే ఆపినా. ఇప్పుడే ఆపినా."

"ఆయమ్మ ఒప్పుకోవల్ల కదా."

"కడుపు ఆయమ్మదా?"

షీషా పెరట్లోనే వదిలేసి లోపలికి వెళ్లింది. మామా సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని టీవీ చూస్తోంది. రెడ్డెమ్మ ఉత్త చేతులతో రావడం చూసి కనుబొమలు ఎత్తింది. రెడ్డెమ్మకు వచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. అన్నం, గిన్నె, తొందర, అయిపోయింది. ఆ మాటలతోనే చెప్పుకొచ్చింది. డాక్టరు చెప్పింది, బిడ్డ చిన్నగా ఉంది, షీషా పొగ మంచిది కాదు.

"నువ్వు తాగవు కదా" అన్నది మామా.

"రాజేసేటప్పుడు లాగుతాను మామా. ఇక లాగను. ఖలాస్."

మామా నవ్వింది. మొదట కోపం రాలేదు. "ఆ పొగ నీళ్లలోంచి వస్తుంది రెడ్డెమ్మా. నీళ్లు కడిగేస్తాయి. అది పళ్ల వాసన. నేను నలుగురు పిల్లల్ని కన్నాను. నాలుగుసార్లూ తాగాను. నా పిల్లల్ని చూశావు కదా, గుర్రాల్లా ఉన్నారు."

"నీ పిల్లలు చల్లగా ఉండాలి మామా. నేను లాగను."

"సరే, కొంచెం లాగు. ఒకటి రెండు సార్లు."

"ఒక్కసారి కూడా లాగను. బొగ్గుల దగ్గర కూడా కూర్చోను. ఆ గాలి కూడా బిడ్డకు చెడ్డదంట."

మామా టీవీ ఆపేసింది. ఆ గదిలో ఇంతవరకు రెడ్డెమ్మ నోట లేదు, కాదు అన్న మాటలు వినబడలేదు. తల వంచుకుని చెప్పి ఉంటే ఎలా ఉండేదో. తల ఎత్తే చెప్పింది. కడుపు మీద ఒక చెయ్యి పెట్టుకుని నిలబడే ఉంది.

"నిన్ను ఆస్పత్రికి పంపింది ఎవరు?"

"నువ్వే మామా. నా బిడ్డ బాగుండాలనే పంపావు."

ఆ మాటకు మామాకు కోపం వచ్చింది. "పో. వంట చూసుకో" అన్నది. ఆ రాత్రి షీషా లేదు. ఏదో ఒకటి రాబోతోందని అందరికీ తెలుసు.

మరుసటి పొద్దు నుంచి రెడ్డెమ్మ ఒళ్లు ఆమె మాట వినడం మానేసింది. తల రెండు చెక్కలవుతున్నట్టు ఉంది. పప్పులో ఉప్పు మరిచిపోయింది. నరసింహులు నీళ్లు తాగమంటే అతని మీద అరిచింది. మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి మేడమీదికి వెళితే పక్కింటి మేడ మీద కొమురక్క కనబడింది. కొమురక్కది జగిత్యాల వైపు ఊరు. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన చేతులు. ఇప్పుడు పక్కింట్లో వంట చేస్తుంది. రెండు మేడల మధ్య నడుమెత్తు గోడ. అక్కడే వాళ్ల కష్టసుఖాలన్నీ.

"ఏందే చెల్లే, మొఖం గట్లయింది? దయ్యం పట్టిందా?"

రెడ్డెమ్మ మొత్తం చెప్పింది. కొమురక్క నవ్వలేదు. తడి బట్ట భుజాన వేసుకుని గోడకు ఆనుకుంది.

"మానుడు గంత అల్కగ కాదే పొల్లా. నేను బీడీ తాగిన. నీకు ఎరుకనా? చుట్టుకుంట చుట్టుకుంట ఒకటి ముట్టిచ్చేది. మా అత్త తాగేది, నేను తాగేది. పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు గూడ తాగిన. వాడు పుట్టినప్పుడు చూడాలె, అరచేతుల పట్టిండు. ఏడాదిదాక దగ్గు, దమ్ము. వాన్ని వట్టుకొని దావఖాన్లు తిరిగి తిరిగి చెప్పులు అరిగినయి."

"మరి చిన్నది?"

"దానికి మానిన. దావఖాన్ల నర్సమ్మ తిట్టింది, మానిన. మానేటప్పుడు ఏం జేసిననో చెప్పనా? మా ఆయన్ను కొట్టిన."

రెడ్డెమ్మకు ఆ తలనొప్పిలోనూ నవ్వొచ్చింది. "ఎందుకక్కా, ఆయప్ప ఏం చేసినాడు?"

"ఏం జేయలే. ఎదురుంగ ఉన్నడు, గంతే. నాలుగొద్దులు నాకు మనిషి కనవడితే కోపం. తర్వాత తగ్గింది. నోట్లె వాము ఏసుకొని నమిలేది. చిన్నది పుడితే మంత్రసాని అన్నది, ఈ పిల్ల ఏడుపుకు ఇంటి పెంకులు లేస్తయి అని. గంత గట్టిగ ఏడ్సింది." కొమురక్క గోడ మీదుగా చెయ్యి చాపి రెడ్డెమ్మ చెంప మీద మెల్లగా తట్టింది. "నీ ఒళ్లు అడుగుతది. బతిమాలుతది. తిడుతది. ఇయ్యకు. అది నీ మాటే వినాలె గని నువ్వు దాని మాట వినుడేంది?"

కొంగు ముడి లోంచి కాస్త వాము తీసి ఇచ్చింది. రెడ్డెమ్మ నోట్లో వేసుకుంది. నాలుక మండింది. తలనొప్పి తగ్గలేదు. ధైర్యం మాత్రం కాస్త గట్టిపడింది.

ఆరోజు గురువారం. సాయంత్రానికి మామా స్నేహితురాళ్ల కార్లు వరసగా వచ్చి ఆగాయి. ముందు గదిలో అత్తరు వాసనా నవ్వులూ నిండాయి. రెడ్డెమ్మ చాయ్ పోసింది, ఖర్జూరాలు పెట్టింది. షీషా మాట ఎవరూ ఎత్తలేదు. గండం గడిచిందనుకుని తన గదికి వచ్చి మంచం మీద నడుం వాల్చింది. వాళ్ల గది పెరటి పక్కనే. కిటికీ పెరట్లోకే తెరుచుకుంటుంది.

కాసేపటికి ఆపిల్ వాసన వచ్చింది.

ముందు ముక్కుకు తెలిసింది. తర్వాత నోట్లో నీళ్లు ఊరాయి. ఒళ్లంతా ఆ వాసన వైపు లేచి నిలబడినట్టయింది. రెడ్డెమ్మ లేచి కిటికీ మూసింది. సందుల్లోంచి వాసన వస్తూనే ఉంది. దాంతోపాటు దగ్గు కూడా. మగమనిషి దగ్గు. ఆ దగ్గు ఆమెకు తెలుసు.

తలుపు తీసుకుని బయటికి వచ్చింది. చిన్న పీట మీద నరసింహులు కూర్చుని ఉన్నాడు. చేతిలో గొట్టం. కళ్లు ఎర్రబడ్డాయి. ఒక దమ్ము లాగడం, మూడుసార్లు దగ్గడం.

"ఏందిది?"

"ఆయమ్మ చెప్పింది" అన్నాడు అతను, దగ్గు ఆపుకుంటూ. "నువ్వు చేయకుంటే నన్ను చేయమనింది. నేనేం కడుపుతో లేను కదా. నువ్వు లోపలికి పో. కిటికీ ఏసుకో."

"ఆ పొగ నీ చొక్కాకు పట్టదా? నీ ఊపిరికి పట్టదా? రాత్రి నా పక్కన పండుకోవా? రేపు బిడ్డను ఎత్తుకోవా?"

"చొక్కా మార్చుకుంటా."

"ఊపిరి గూడా మార్చుకుంటావా?"

"ఏం చేయమంటావ్ మరి? వద్దంటే మన ఇద్దరి ఇఖామా కొట్టేయించి ఊరికి పంపించేస్తాది. నువ్వొకదానివి ఎదురు చెప్పినావు. ఇద్దరం చెప్తే ఊరుకుంటుందా? నేను లాగుతా. నాకేమైనా కానీ, నువ్వూ అదీ బాగుంటే చాలు."

అతను ప్రేమతోనే అన్నాడు. అందుకే ఆమెకు మరీ మండింది. దగ్గరికి వచ్చి అతని చేతిలోంచి గొట్టం లాక్కుంది. చిక్కటి పొగ గొట్టం చివర నుంచి సన్నగా లేస్తోంది. ఆ కొన ఆమె పెదాలకు జానెడు దూరంలో ఉంది. చెయ్యి తనంతట తానే కదిలింది. జానెడు కాస్తా బెత్తెడయింది. నరసింహులు పీట మీదనుంచి సగం లేచాడు.

"రెడ్డెమ్మా, వద్దు. నీ కాళ్లు మొక్కుతా."

లోపల బిడ్డ కదిలిందో, ఆమె గుండే కదిలిందో చెప్పలేం. ఆమె గొట్టం కిందికి దించింది. దించి, చేతికి గుడ్డ చుట్టుకుంది. బొగ్గుల చిప్పను పైనుంచి తీసి పక్కనున్న బకెట్ నీళ్లలో పడేసింది. నీళ్లు చుయ్యిమన్నాయి. ఇక షీషాను మెడ దగ్గర రెండు చేతులా పట్టుకుని తల మీదికి ఎత్తి, పెరటి బండల మీద కొట్టింది. బంగారు పూల గాజు బుడ్డి ముక్కలు ముక్కలై గోడ దాకా ఎగిరింది. ఇత్తడి కాడ దొర్లుకుంటూ పోయి తలుపుకు తగిలింది.

ముందు గదిలో నవ్వులు ఆగిపోయాయి. తలుపు తెరుచుకుంది. మామా వచ్చింది. ఆమె వెనక స్నేహితురాళ్లు గుంపుగా నిలబడి తొంగి చూస్తున్నారు. మామా కింద ముక్కలు చూసింది. నీళ్లు చూసింది. రెడ్డెమ్మ చేతులు చూసింది.

నరసింహులు పెళ్లానికి అడ్డంగా వచ్చాడు. "చెయ్యి జారింది మామా" అన్నాడు అరబ్బీలో, గబగబా. "తెలియకుండా చెయ్యి జారింది. మన్నించు. కొత్తది నేను తెస్తాను."

పది మంది ముందు మామాకు కావలసింది కూడా ఆ మాటే. చెయ్యి జారిందంటే కసిరి ఊరుకోవచ్చు. ఆమె ముఖం కాస్త సడలింది కూడా. రెడ్డెమ్మ మొగుడి భుజం పట్టుకుని పక్కకు తప్పించింది.

"జారలేదు మామా. నేనే పగలగొట్టాను. ఇంకోటి కొంటే దాన్ని కూడా పగలగొడతాను. నీకు కావాలంటే నీ గదిలో నువ్వు తాగు. నా బిడ్డ పడుకునే చోటికి మాత్రం ఆ పొగ రాకూడదు."

మామా రెడ్డెమ్మను వదిలేసి నరసింహులు వైపు తిరిగింది.

"ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు" అన్నది మెల్లగా. "నువ్వు చెప్పు. చెయ్యి జారిందంటే నీకు ఉద్యోగం ఉంటుంది, ఆమె ఒక్కతే పోతుంది. జారలేదంటే ఇద్దరూ రేపే పోతారు. ఆలోచించుకుని చెప్పు."

నరసింహులు రెడ్డెమ్మ వైపు చూడలేదు. వంగి, తన చెప్పుల దగ్గర పడి ఉన్న పెద్ద గాజు ముక్కను ఆమె కాళ్లకు దూరంగా జరిపాడు. నిలబడి, జేబులోంచి కారు తాళాలు తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. ఆ తర్వాతే "జారలేదు మామా" అన్నాడు.